మామూలు గుండె

జబ్బు లేనివాళ్ళు కావాలని చీటీలు అంటించాం,
ఆసుపత్రి గోడ మీద,
డే అండ్ నైట్ కూడలిలో టీ బడ్డీ రేకు మీద.
పన్నెండు రోజులు ఎవరూ రాలేదు.
పదమూడో రోజు పొందూరు నుంచి తవిటమ్మ
చీటీని గోడ నుంచి ఊడబీకి చేత్తో పట్టుకునే వచ్చింది:
"జబ్బు నేనోల్ని ఎతుకుతన్నారేటమ్మా?
ఉన్నోల్నే సూసే దిక్కు నేదు!"

నేను నవ్వాను. డాక్టరు గారు నవ్వలేదు.
మన పుస్తకాల్లో అంకెలన్నీ ఎక్కడెక్కడివో ఛాతీలవి,
ఇక్కడి గుండె ఎంత నిండాలో ఎంత పిండాలో
ఎవరు కొలిచారు గనక,
అన్నారు. ఆమెతో కాదు, నాతో.

అయస్కాంతం ఉన్న గదిలోకి ఇనుము రాకూడదు.
పుస్తెలతాడుకి వేలాడే ఏడు పిన్నీసులు
లెక్కపెట్టి నా చేతిలో పోసింది,
లెక్కపెట్టే తీసుకుంతానంది.

ఊపిరి తీసుకోండి. వదలండి. ఆపండి.
లోపల యంత్రం రోకలి పోట్లు వేస్తుంటే
ఆమె అలా పడుకునే ఉంది, నూలు పోగులా కదలకుండా.
బయటికొచ్చాక అడిగితే,
"సన్ననూలు తీసీటప్పుడు ఊపిరి బిగబట్టాల,
నేపోతే తెగిపోద్ది," అంది.

కళింగపట్నం ఎర్రన్న ఇంకో రకం.
ఆపండి అని చెప్పి, తీసుకోండి అనడం మరిచిపోయాను.
గుర్తొచ్చి మైకు మీద పడేసరికి నా ఊపిరే ఆగింది.
"మీరు సెప్పనేదు గదండీ," అన్నాడు
సముద్రం అడుగు నుంచి తేలినవాడిలా.

రాత్రి అందరూ వెళ్ళాక నేను గీతలు గీస్తాను.
కత్తి పెట్టకుండా అడ్డంగా కోసిన గుండె, పది బిళ్ళలు.
ఎడమ గది గారె చిల్లంత గుండ్రం,
కుడి గది దాన్ని ఆనుకుని పడుకున్న తదియ చంద్రుడు.
నిండినప్పుడు ఒక గీత,
పిండుకున్నప్పుడు ఒక గీత.
లోపలికి పొడుచుకొచ్చిన ఆ రెండు కండల్నీ
నెత్తురులో కలపాలా, గోడలో కలపాలా?
గట్టు ఏ పొలానిదన్న తగువు.
ఏదో ఒకటి అనుకుని
అందరికీ అదే పాటించమన్నారు.

ఉద్దానం నుంచి ఢిల్లీరావు వచ్చాడు.
జీడిపిక్కల బట్టీలో పని, వేళ్ళన్నీ నల్లగా,
ఇస్త్రీ చొక్కా, కొత్త చెప్పులు.
తనకేమీ లేదని రాయించుకోడానికి వచ్చాడనిపించింది.
రక్తం కాగితం చూసి డాక్టరు గారు
అతన్ని పక్క గదిలోకి పిలిచారు.
"నాను బానే ఉన్నాను గదండీ,"
తలుపు సందులోంచి ఈ ఒక్క మాటే వినబడింది.
జాబితాలో అతని పేరు మీద గీత కొట్టాను.
అన్ని గీతల్లోకీ అదొక్కటే
ఏమీ కొలవలేదు.

తవిటమ్మ కాగితం కోసం మళ్ళీ వచ్చింది.
నూరు పాళ్ళు నిండితే అరవై బయటికి పంపుతోందమ్మా,
మామూలుగానే ఉంది, అన్నాను.
"మిగతాది?"
లోపలే ఉంటుంది.
"పనెగ్గొట్టీసిందేటి?"
లేదమ్మా. ఎంత మంచి గుండైనా పూర్తిగా ఖాళీ అవదు.
కాసేపు ఆలోచించింది.
"మరే. ఇత్తనం గింజలు ఉంచుకోవాల గదా."

వెళ్తూ వెళ్తూ నా కోటుకి తెగిన బొత్తం చూసి,
తాడుకున్న పిన్నీసుల్లో ఒకటి తీసి గుచ్చి,
"ఇది నెక్కలో నేదు," అంది.

దాన్ని మరిచిపోయాను.
సాయంత్రం దీపాలార్పడానికి ఆ గది గడప దాకా వెళితే
కోటు ముందుకు లేచింది,
ఎడమ పక్కన,
ఎవరో రెండు వేళ్ళతో పట్టుకుని
రమ్మన్నట్టు.